శౌరయ్య కట్ట, తెరేసమ్మ మూట

విజయవాడకు పడమటగా, కొండల దాపున ఉన్న ఆ పల్లెలో శౌరయ్యకు రెండు పనులు వచ్చు. పగలు తాటాకు ఇళ్ళు నేస్తాడు. సాయంత్రం కుర్రాళ్ళకు కోలాటం నేర్పుతాడు. మూడో పని మాత్రం ఆయనకు రాదని పంతొమ్మిదివందల డెబ్బై రెండులో ఊరంతటికీ తెలిసిపోయింది. ఆ పని చెరువు కట్టడం.

ఆయనకున్న రాళ్ళ చెలకలో ఒక పిల్లవాగు పోతుంది. వానొస్తే పరుగు, వాన వెలిస్తే ఇసుక. ఆ నీళ్ళు అలా ఊరికే పోతుంటే శౌరయ్య చూడలేకపోయేవాడు. అడ్డంగా మట్టి కట్ట వేశాడు, చేపపిల్లల్ని వదిలాడు. ముసురు పట్టిన ఒక పూట కట్ట తెగి, నీళ్ళూ చేపలూ కలిసి ఊళ్ళోకి నడిచొచ్చాయి. ఆ పూట ప్రతి పొయ్యి మీదా శౌరయ్య చేపలే ఉడికాయి. తిన్న నోళ్ళతోనే ఆయనకు "కట్ట శౌరయ్య" అని పేరు పెట్టారు. ఎవరో పుణ్యాత్ములు ఆయనకూ ఒక గిన్నెడు పులుసు పంపారు. బాగుందనే చెప్పాడు, ఏం చేస్తాడు.

మరుసటి వేసవిలో మళ్ళీ తట్టా పారా తీసేసరికి, ఆయన భార్య తెరేసమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఎందుకయ్యా నీకీ చెరువు?"

"నీళ్ళుంటే చేపలుంటయ్యే. చేపలుంటే పిట్టలొస్తయ్. పిట్టలొస్తే మనకి పొద్దుపోద్ది."

"నాకిప్పుడు పొద్దుపోక చస్తన్నానా? ఈసారి గనక తెగిందో, మూట సర్దుకుని విజయవాడ వన్ టౌన్ పోతన్నాం. మా అన్న గోడౌన్లో పని ఇప్పిస్తానన్నాడు. పునీత అంతోనివారి మీద ఒట్టెయ్యి."

శౌరయ్య ఒట్టేశాడు. వేశాక భయపడ్డాడు. బావమరిది లాజరు మేస్త్రీగా ఉన్న ఆ మిరపకాయల గోడౌన్లో ఆయన ఒకసారి కొన్నాళ్ళు పనిచేశాడు. తుమ్మి తుమ్మి పేరు అడిగినా చెప్పలేని స్థితికొచ్చి తిరిగొచ్చాడు. తెరేసమ్మ మాత్రం ఆ సాయంత్రమే పండగ చీరతో సహా బట్టలన్నీ మూటగట్టి, తలుపు వెనకాల పెట్టేసింది.

మొదటి కట్ట ఎందుకు తెగిందో శౌరయ్యకు తెలుసు. మట్టంతా ఒక్కసారే కుప్పపోశాడు, తొక్కించలేదు. పొరమీద పొర వేసి, నీళ్ళు చల్లి, గేదెలతో తొక్కిస్తే మట్టి గట్టిపడుతుంది. ఊళ్ళోవాళ్ళని గేదెలు అడగబోతే, "మా గేదెలక్కూడా పేర్లు పెట్టించమంటావా?" అన్నారు. దిగులుగా వాగులో కూర్చున్నవాడికి ఒక ఆలోచన వచ్చింది. అది రాగానే ఒక్కడే నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

జూన్‌లో అంతోనివారి పండగ. కోలాటం సాధన మొదలయ్యే రోజులే. "ఈ ఏడు వాగు దగ్గర ఆడదాం, గాలొస్తది" అన్నాడు కుర్రాళ్ళతో. పగలు తను మట్టి పరుస్తాడు, సాయంత్రం వాళ్ళు దాని మీద ఆడతారు. కొత్త కోపు, అంటే కొత్త అడుగుల వరస, కూడా కట్టాడు. అందులో కోలలు తక్కువ, మడమ దరువు ఎక్కువ. డోలక్ వాయించే నాగుల్ మీరాకు గుట్టు చెప్పాడు. మట్టి మెత్తగా ఉన్న చోటికి రాగానే మీరా దరువు ఆపేవాడే కాదు.

"పంతులుగారూ, కాళ్ళు పడిపోతన్నయ్యండీ."

"అంతోనివారికి ఈ కోపు అంటే మహా ఇష్టంరా" అన్నాడు శౌరయ్య, కళ్ళైనా ఆర్పకుండా.

ఒక సాయంత్రం అందరికన్నా పొడుగైనవాడు ఆట మధ్యలో ఆగిపోయాడు. "మొదట్లో ఈ వేపకొమ్మ నా తలమీదుండేది. ఇవాళ మూతికి తగుల్తంది. నేను పెరిగానా, నేల పెరిగిందా?" అందరూ కిందికి చూసుకున్నారు. చూసుకుంటే కట్ట మీద ఉన్నారు. కోపమొస్తుందేమోనని శౌరయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. వాళ్ళు పడీ పడీ నవ్వి, మరింత గట్టిగా తొక్కారు. ఊళ్ళో ఆడవాళ్ళు కూడా వచ్చి, పిల్లల్ని చంకనేసుకుని ఒక చుట్టు తొక్కి పోయారు.

పండగనాడు ప్రదక్షిణం సగంలో ఉండగా ఆకాశం విరుచుకుపడింది. కోలాటం జట్టు అంతోనివారి గుడివైపు కాకుండా వాగువైపు పరిగెత్తింది. నీళ్ళు కట్టకు ఆనుకుని చకచకా ఎక్కుతున్నాయి. కట్ట నిలబడింది. శౌరయ్య గంతు వేయబోయి, కిందికి చూసి ఆగిపోయాడు. అవతలి పక్క ఒకచోట బురదనీళ్ళు బుసబుసా చిమ్ముతున్నాయి. ఎండ్రకాయ బొరియ. లోపలి పక్క దాని నోరెక్కడుందో కనపడదు. ఇంకాసేపటికి బొరియ కాలవవుతుంది, కాలవైతే కట్ట ఉండదు. అప్పుడే ఆయనకు ముక్కులో మిరపకాయ ఘాటు తగిలినట్టయింది.

అంతలో వానలో తెరేసమ్మ వస్తూ కనపడింది, నెత్తిన మూటతో. ఒట్టు అమలు చేయించడానికే వచ్చిందనుకున్నాడు. ఆమె ఆయన్ని దాటుకుని, నడుంలోతు నీళ్ళలోకి దిగి, కాళ్ళతో తడుముకుంటూ నడిచింది.

"ఇక్కడ లాగుతంది" అని మూట ముంచి, కాలితో బొరియలోకి కూరింది. ఎగువ నీళ్ళే దాన్ని ఇంకా లోపలికి నెట్టాయి. "చూస్తారేంట్రా, బంకమన్ను వేసి తొక్కండి."

తొక్కారు. డోలక్ తడిసి మూగబోతే నాగుల్ మీరా నోటితోనే దరువు కొట్టాడు. చిమ్మే నీళ్ళు సన్నబడి, చుక్కలై, ఆగిపోయాయి. శౌరయ్య ఏడ్చాడు. వానలో ఎవరికీ కనపడదనుకున్నాడు గానీ అందరూ చూశారు.

ఆ తర్వాత విజయవాడ నుంచి చేపపిల్లలు బిందెల్లో వచ్చాయి. అవి చావకుండా బస్సులో దారిపొడుగునా శౌరయ్య, మీరా నీళ్ళు చిలుకుతూనే ఉంటే, కండక్టరు మజ్జిగ అనుకుని ఒక గ్లాసు అడిగాడు. చలికాలానికి నీళ్ళలో మునిగి తేలే బుడుబుంగలొచ్చాయి, నత్తగుల్ల కొంగలొచ్చాయి, చీకటిపడితే కొండమీది దుప్పి ఒకటి నీళ్ళకు దిగేది. వాటిని చూస్తూ కూర్చున్న తెరేసమ్మకు వంట మాడినా తెలిసేది కాదు.

క్రిస్మస్ ముందు లాజరు చెల్లెల్ని తీసుకుపోదామని వచ్చాడు. "పని చూసిపెట్టానమ్మా, మూట సర్దుకో."

తెరేసమ్మ కొంగల మీంచి చూపు తిప్పలేదు.

"సర్దే ఉందన్నయ్యా. అదుగో, ఆ కట్టలో ఉంది. కట్ట తెగిననాడు తీసుకుని వస్తాం."

శౌరయ్య లేచి, కట్ట మీదికి పోయి, ఆ చోట ఇంకో నాలుగు దరువులు తొక్కి వచ్చాడు.