మామగారి పడవకు నేను పట్టించిన కొబ్బరినూనె

ఒక్క రంగు డబ్బాతో ఒక పెద్దమనిషి గుండె ఆపబోయిన ఘనుణ్ని నేను. నవ్వకండి, ఆయన నాకు పిల్లనిచ్చిన మామగారు.

పెళ్లయిన కొత్తలో ముమ్మిడివరం దగ్గర అత్తవారింట్లో మకాం వేశాను. మామగారికి రొయ్యల చెరువుంది. ఆ ఏడాది ఆశంతా దాని మీదే. ఇంకొద్ది రోజుల్లో పట్టుబడి, అంటే వల వేసి రొయ్యంతా పట్టి అమ్మేయడం. మేత చల్లడానికి ఆయన కొత్తగా అల్యూమినియం పడవ చేయించారు. రంగూ గింగూ లేని ఉత్త రేకు. చెరువులో ఉప్పునీళ్లకు అప్పుడే దాని ఒంటి మీద తెల్లటి పొడి లేచింది.

"దీనికి రంగెయ్యాలండి అల్లుడుగారూ. పెయింటర్ని పిలుద్దాం," అన్నారు మామగారు.

"పెయింటరెందుకండీ, నేను లేనూ?" కొత్త అల్లుడి నోరు ఊరుకోదు కదా!

"మీకొచ్చాండి?"

"బ్రష్షు ముంచడం, పూయడం. ఇందులో రాకపోడానికేముందండీ!"

"ఆయ్. అయితే ముందు గరుకు కాగితంతో బాగా రుద్దండి. జిడ్డు లేకుండా కడగండి. ప్రైమర్ కొట్టి, అది ఆరేకే రంగెయ్యండి. అల్యూమినియానికి రంగు ఓ పట్టాన అంటుకోదండి."

విన్నాను. తలకూడా ఊపాను. కానీ బంగారం లాంటి కొత్త రేకును ఎవరైనా గీరి పాడుచేసుకుంటారా, మీరే చెప్పండి! మా ఇంట్లో తలుపు కిర్రుమన్నా, జుట్టు రాలినా, మడమలు పగిలినా మందు ఒకటే. కోనసీమలో పుట్టినవాణ్ని, ఇంకేం తోస్తుంది? సీసాడు కొబ్బరినూనె తెచ్చి పడవకు తలంటినట్టు పట్టించాను. అది తళతళలాడిపోయింది. దాని మీదే, చెరువులో ఎంత దూరాన్నించైనా కనబడాలని, నారింజ ఎరుపు రంగు దట్టంగా పూశాను.

మా ఆవిడ సత్యవేణి కాఫీ తెచ్చింది. "ఏవండీ, ప్రైమరేదండీ?"

"ఆ నూనే ప్రైమరు. ఉప్పునీటిని లోపలికి రానివ్వదు."

"మరి రంగుని రానిస్తుందాండి?"

"ముందా కాఫీ ఇటియ్యి," అన్నాను.

ఎండకి పైపైన ఆరింది. మామగారు చూసి "భలే ఉందండి!" అన్నారు. నేను పొంగిపోయి పడవను నీళ్లలో దింపి, నీళ్లు చిలికే ఏరియేటర్ పక్కనే కట్టేసి వచ్చాను.

తెల్లారేసరికి గట్టు మీంచి కేక. "సత్యవేణీ! రొయ్య తేలిపోయిందమ్మా!"

రొయ్యల చెరువున్న ఇంట్లో ఇంతకన్నా పాడుమాట లేదు. పరుగెత్తాం. మామగారు తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డారు. నీళ్ల మీద ఎక్కడ చూసినా ఎర్రగా, వంకర్లు తిరిగిన ముక్కలు తేలుతున్నాయి. చచ్చిన రొయ్య ఎర్రబడుతుందని నాకూ తెలుసు.

"అయిపోయిందండి అల్లుడుగారూ. పట్టుబడి ముందు కొంప మునిగిపోయింది," అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

సత్యవేణి వంగి ఒక ముక్క తీసింది. అటూ ఇటూ తిప్పింది. వాసన చూసింది.

"నాన్నా, దీనికి మీసాల్లేవు. కాళ్లూ లేవు. కొబ్బరినూనె వాసనొస్తోంది."

ముగ్గురం పడవ వైపు చూశాం. అది రంగంతా విడిచేసి, పుట్టిననాటి ఒంటితో నీళ్లలో ఊగుతోంది.

మామగారు ఒక్క ఉదుటున లేచి, రొయ్య మేత తిందో లేదో చూసుకునే వల పైకి లాగారు. రొయ్యలు టపటపా ఎగిరాయి. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి! ఆయన నన్ను గట్టిగా కావిలించుకున్నారు. హమ్మయ్య, నా ప్రాణం లేచొచ్చింది.

"రొయ్య బతికుందండి," అన్నారు చెవిలో. "అందుకే మీరూ బతికేరు."

ఆ రోజంతా చేతివలతో రంగు ముక్కలు ఏరాను. నా జీవితంలో నేను చేసిన మొదటి పట్టుబడి అదే. తర్వాత పెయింటర్ వచ్చి, గీరి, కడిగి, ప్రైమర్ కొట్టి వేసిన రంగు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

కనుక ఆ పడవ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ అల్యూమినియం రేకునూ గీరకుండా, జిడ్డు కడక్కుండా, ప్రైమర్ లేకుండా ముట్టుకోను. కొబ్బరినూనె ఇక నా నెత్తికే. దాని మీద మాత్రం రంగు వేయనని సత్యవేణి వేరే ఒట్టు వేయించుకుంది.