మూఢంలో తిరిగిన గడ్డం తాత

చెవుల్లో దూది పెట్టి, తలకి ముసుగు కట్టి, కిటికీ రెక్కలు బిడాయించి, "ఇక హాయిగా పడుకో" అంది మా అమ్మ. హాయిట, హాయి! కంకిపాడులో మా పుట్టింటి వెనక గది అది. ఆసుపత్రి నుంచి పాపాయిని ఎత్తుకుని అందులో అడుగుపెట్టిన రోజు నుంచి నేను మనిషిని కాను, బాలింతను. బాలింత ఏం తినాలో, ఎటు తిరిగి పడుకోవాలో, ఎంతసేపు మాట్లాడాలో ఊళ్ళో అందరికీ తెలుసు. నన్ను మాత్రం ఎవరూ అడగరు.

అమ్మ బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. గాలికి బరువుంటుందని బెలూన్లు కట్టి పిల్లలకి చూపించిన మనిషి. ఆవిడే ఇప్పుడు కిటికీ సందులోంచి వచ్చే గాలిని పామును చూసినట్టు చూసేది. "చల్లగాలి తగిలితే వాతం చేస్తుందే. రేపు నడుం పట్టేస్తే అప్పుడు తెలుస్తుంది" అనేది. పొద్దున్నే శొంఠీ మిరియాలూ దంచి చేసిన కాయం ముద్ద. మధ్యాహ్నం వెల్లుల్లి కారంతో అన్నం, బీరకాయ కూర. రాత్రికి మళ్ళీ బీరకాయ. తలంటి పోశాక నులకమంచం మీద పడుకోబెట్టి కింద నిప్పుల మీద సాంబ్రాణి వేసేది. ఫోను చూస్తే కళ్ళు లాగుతాయి. పుస్తకం చదివినా కళ్ళు లాగుతాయి. ఏడిస్తే పాలు తగ్గుతాయి. అంటే ఏడవడానికి కూడా వీల్లేదన్నమాట.

మా ఫ్లాటు విజయవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర. కంకిపాడు నుంచి కారులో అరగంట. బందరు రోడ్డు మీద పోయే బస్సుల హారన్లు ఆ వెనక గదిలోకి వినపడేవి. ఏ బస్సెక్కినా మా ఇంటి దగ్గర దిగొచ్చు. ఎక్కనిచ్చేదెవరు? మూడో నెల రాగానే పంపిస్తామన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని రోజులు నెట్టుకొచ్చాను.

ఇంకో ఆధారం కూడా ఉందిలెండి. ఒక ఆదివారం మా ఆయన డైపర్ల సంచి అడుగున దాచి తెచ్చారు. చేతుల్లో పట్టుకుని ఆడుకునే చిన్న గేము మిషను. మధ్యలో తెర, అటూ ఇటూ మీటలు. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

పెళ్ళికి ముందు నుంచీ నాకు ఒక ఆన్‌లైన్ గేము అలవాటు. అడవులూ కోటలూ ఊళ్ళూ ఉన్న పెద్ద లోకం. ఎక్కడెక్కడివాళ్ళో ఒక్కో వేషం వేసుకుని అందులో తిరుగుతూ, జట్లు కట్టి రాక్షసులతో కొట్లాడుతుంటారు. నా వేషం గడ్డం తాత. బొడ్డు దాకా తెల్లగడ్డం, కాషాయం రంగు అంగీ, చేతిలో కర్ర. ఆడపిల్లని తెలిస్తే వచ్చి పడే వెధవ మెసేజీలు భరించలేక ఆ వేషం ఎంచుకున్నాను. తాత పని వైద్యం. దెబ్బ తిని పడిపోయినవాడి వైపు కర్ర చూపిస్తే వాడు లేచి నిలబడతాడు. మా జట్టులో అందరూ తెలుగువాళ్ళే. "తాతా, నన్ను లేపు", "తాతా, ముందు నువ్వు నడువు, నీ వెనక వస్తాం" అంటుంటారు. నేను ఏ పక్కకి తిరిగి పడుకోవాలో చెప్పేవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు.

నిజానికి గేము నడిచేది చేతిలోని మిషన్లో కాదు. బెంజ్ సర్కిల్ ఫ్లాటులో, చిన్న గదిలో బల్ల మీదున్న నా కంప్యూటర్లో. బొమ్మ మాత్రం నెట్టు మీద కంకిపాడు వస్తుంది. ఇక్కడ నేను మీట నొక్కితే అక్కడ తాత అడుగేస్తాడు. కావలసినవి రెండే. అక్కడ కంప్యూటర్ పెట్టి ఉండాలి, ఇక్కడ సిగ్నల్ ఉండాలి. మా ఆయన పొద్దున ఆఫీసుకి వెళ్తూ కంప్యూటర్ పెట్టి, దాని తెర మాత్రం కట్టేసి వెళ్ళేవారు. తెర వెలుగుతుంటే నేనిక్కడ ఆడేదంతా అక్కడా కనపడుతుంది మరి. అక్కడ మా అత్తగారున్నారు. కొడుక్కి వండిపెట్టడానికి గుడివాడ నుంచి వచ్చి మా ఫ్లాటులోనే ఉంటున్నారు.

"మీ అమ్మకి ఒక్క ముక్క తెలిసిందంటే ఊరుకోను. బాలింత ఆటలాడుతోందని తెలిస్తే ఇద్దరమ్మలూ కలిసి నా తాట తీస్తారు" అని మా ఆయన చేత పాపాయి మీద ఒట్టు వేయించుకున్నాను.

సాయంత్రం దీపం పెట్టాక అమ్మ హాల్లో సీరియల్ ముందు కూర్చునేది. అది నా వేళ. చెవిలో బుల్లి ఇయర్‌ఫోను పెట్టి దానిపైన దూది కుక్కుకునేదాన్ని. ముసుగు ఉండనే ఉంది. అమ్మ చూసినా బుద్ధిమంతురాలినే. గోడల మందానికి నా ఫోను సిగ్నల్ లోపలికి రాదు. అందుకని కిటికీ రెక్క బొటనవేలంత తెరిచి, ఫోన్ని ఆ సందులో నిలబెట్టేదాన్ని. పాపాయి ఒళ్ళో నిద్రపోయేది. తాత కొండలెక్కేవాడు, వాగులు దాటేవాడు. ఎంత దూరం నడిచినా ఎవరూ "ఇక చాలు, పడుకో" అనేవారు కాదు. అబ్బ, ఆ కాసేపు ఒళ్ళంతా తేలికైపోయేది!

రెండో నెల చివర్లో గొడవ మొదలైంది. జట్టంతా పెద్ద కోటలో జొరబడి, నా కర్ర మీద ఆధారపడి కొట్లాడుతుంటే, టప్పున తెర నల్లబడింది. అక్కడ కంప్యూటర్ ఆగిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. దీపాల వేళ మొదలుపెట్టడం, కాసేపటికి ఆగిపోవడం. "తాతా, ఎక్కడ చచ్చావ్? అందరం పోయాం" అని జట్టువాళ్ళు తిట్లు. నాకు ఒళ్ళు మండిపోయి మా ఆయనకి ఫోన్ చేశాను.

"కరెంటేం పోవట్లేదు. నేనొచ్చేసరికి ఆ గది స్విచ్చి కట్టేసి ఉంటోంది" అన్నారు.

"మరి కట్టేస్తోందెవరు?"

"మా అమ్మేలే. పొదుపేమో. అడిగితే గేము సంగతి చెప్పాల్సొస్తుంది కదా."

పొదుపే అనుకుని పళ్ళు నూరుకున్నాను. ఇంకెన్నాళ్ళు, మూడో నెల వచ్చేస్తోంది కదా అని సర్దిచెప్పుకుని సూట్‌కేసు తీశాను. పాపాయి గౌన్లు మడతపెడుతుంటే అమ్మకి అత్తయ్యగారి ఫోను వచ్చింది. స్పీకర్లో వింటున్నాను.

"తొందరేముందండీ వదినగారూ, ఇంకొన్నాళ్ళు మీ దగ్గరే ఉంచుకోండి. ఇక్కడ దోమలు మరీ ఎక్కువగా ఉన్నాయండి."

"దోమలకేముందండీ, ఇక్కడ మాత్రం లేవా?" అంది అమ్మ.

"అది కాదండీ. పిల్లని కాస్త బలం పట్టనివ్వండి." అంతే, గబుక్కున ఫోను పెట్టేశారు.

ఇలా రెండు వాయిదాలయ్యాయి. ఈలోగా అమ్మ పంచాంగం తిరగేసి, "శుక్ర మూఢం వచ్చేస్తోందే. మూఢంలో బాలింతనీ పసిబిడ్డనీ అత్తారింటికి పంపరు. ఇక ఐదో నెలే" అంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అరగంట ప్రయాణానికి శుక్రుడితో పనేంటమ్మా? అదొక గ్రహం అని నువ్వే కదా బోర్డు మీద గీసి చెప్పేదానివి!"

"బడి వేరు, ఇల్లు వేరు" అంది అమ్మ. శుక్రుడు సూర్యుడికి దగ్గరగా వెళ్ళినప్పుడు ఆ వెలుగులో మనకి కనపడడనీ, దాన్నే మూఢం అంటారనీ చక్కగా వివరించింది కూడా. వివరించి, నా సూట్‌కేసుని కాలితో మంచం కిందకి తోసింది.

ఆ వారమంతా కాలు గాలిన పిల్లిలా ఆ గదిలోనే అటూ ఇటూ తిరిగాను. మంచం, ఊయల, గోడ, మళ్ళీ మంచం. గేము లేదు, ఇల్లు లేదు. పాపాయిని చూస్తే ప్రేమ పొంగుకొచ్చేది, మరుక్షణమే దాని పక్కనుంచి లేచి పారిపోవాలనిపించేది. ఆ మాట ఎవరితో అనగలను? ఎవరడిగినా "బాగున్నానండీ" అన్నాను.

ఆదివారం మా ఆయన వచ్చారు. తలుపు దగ్గరికేసి, వస్తున్న నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"స్విచ్చి కట్టేసేది పొదుపుకి కాదే. నిన్న చూస్తే నీ కంప్యూటర్ తెరకి నాలుగు మూలలా కుంకుమ బొట్లున్నాయి. ముందు నిమ్మకాయ. గట్టిగా అడిగితే అమ్మ చెప్పింది. ఒక సాయంత్రం దుమ్ము తుడుస్తూ ఏదో నొక్కిందట, తెర వెలిగింది. కుర్చీలో ఎవరూ లేరు, లోపల ముసలాయన కర్ర పట్టుకుని తిరుగుతున్నాడట. మర్నాడు దీపం పెట్టి, ధైర్యం చేసి మళ్ళీ నొక్కి చూస్తే మళ్ళీ అతనే. 'అదేదో గేము అనుకోలేదా అమ్మా' అంటే, 'ఆడే మనిషి లేకుండా ఆట ఎలా ఆడుతుందిరా' అంటోంది."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది, సంధ్యవేళ దీపం పెట్టగానే వస్తున్నాడు, ఈ ఇంట్లోకి పసిగుడ్డుని తేనంటే తేనని కూర్చుంది. దోమలూ లేవు, ఏమీ లేవు."

ఆయన నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు. గదిలోంచి బయటపడదామని రోజూ నేను దూరిన ఆ సందే నన్ను గదిలో ఉంచి గొళ్ళెం పెట్టింది. వాయిదాలు వేసింది అత్తయ్యగారు కాదు, గడ్డం తాత.

"ముందే చెప్పొచ్చు కదండీ ఆవిడకి!"

"నాకు నిన్ననే తెలిసింది. అయినా నువ్వే కదా ఒట్టు వేయించుకుంది" అన్నారు, నవ్వు ఆపేసి. పాలు తగ్గితే తగ్గనీ అని ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం అమ్మ సీరియల్ ముందు కూర్చోగానే, గదిలోకి కూడా సిగ్నల్ వచ్చే ఆవిడ ఫోను తీసుకుని అత్తయ్యగారికి చేశాను. నా ఫోను కిటికీ సందులో ఉంది.

"అత్తయ్యగారూ, చిన్న గది స్విచ్చి వేయండి."

"ఆ గదిలోకి నేను వెళ్ళనమ్మాయ్."

ఇక నాన్చి లాభం లేదని, "ఆ గడ్డం తాతని నేనేనండీ" అనేశాను.

"బాలింతవి, సంధ్యవేళ అవేం మాటలే తల్లీ!" అన్నారు. నాకేదో పూనిందనుకున్నారు, ఖర్మ! గేము గురించి, మిషను గురించి, మీటల గురించి మొదటి నుంచి చెప్పాను. నమ్మలేదు. బతిమాలాను. చివరికి దేవుడి పటం ముందు ఆగి దణ్ణం పెట్టుకున్నట్టున్నారు, తర్వాత స్విచ్చి చప్పుడు వినపడింది. కంప్యూటర్ లేచింది, తెర మీట కూడా నొక్కించాను. తాత వచ్చాడు.

"నువ్వే అయితే ఆయన్ని ఇటు తిప్పు" అన్నారు.

తిప్పాను.

"దణ్ణం పెట్టించు."

తాత చేతులు జోడించి వంగాడు. అత్తయ్యగారి ఊపిరి చప్పుడు వినపడుతోంది. కుర్చీ జరిపిన చప్పుడు. కూర్చున్నారు.

"రోజూ దీపాల వేళ వచ్చేది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఇంత దూరం ఇలా వస్తున్నావంటే... అక్కడ అంత ఊపిరాడకుండా ఉందా అమ్మాయ్?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కరే. "బాగున్నానండీ" అనబోయాను, నోరు రాలేదు.

"ఉందండీ. ఊపిరాడట్లేదండీ. నేను మా ఇంటికొచ్చేస్తానండీ."

"పిచ్చిపిల్లా, ముందే ఒక్క మాట చెప్తే మూడో నెల్లోనే వచ్చి తెచ్చుకునేదాన్ని కదే! ఇప్పుడు మూఢం పడింది. పసిదానితో పని, నేనేం చెయ్యను చెప్పు?" ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారని గొంతులో తెలిసింది. "నీ మొగుడు పుట్టినప్పుడు నన్నూ ఇలాగే మా పుట్టింట్లో పెట్టి తలుపేశారు. నన్నెవరూ అడగలేదు. సరేలే. స్విచ్చి మాత్రం ఇక కట్టను. ఇక్కడే కూర్చుంటాను. నువ్వు నడువు."

తాతని కొండదారి పట్టించాను. చెవిలో దూది కింద గాలి హోరు, పక్కన ఫోన్లో ఆవిడ. "అబ్బో, ఎంత ఎత్తో! జాగ్రత్తమ్మాయ్, పక్కన లోయ" అంటున్నారు. నేను నవ్వుతున్నాను, కళ్ళల్లో నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. మిషన్ని పాపాయి దుప్పటి కిందకి తోశాను. అమ్మ నా వైపు చూడనే లేదు. తిన్నగా కిటికీ దగ్గరికి పోయి, నా ఫోను తీసి లోపల పెట్టి, "గాలి కొడుతోంది, చూసుకోవద్దూ" అని రెక్క మూసి గడియ వేసింది. సీరియల్లో ప్రకటనలు అయిపోతున్నాయని హడావుడిగా వెళ్ళిపోయింది.

దుప్పటి తీసి చూశాను. తాత కొండదారి మధ్యలో, ఒక కాలు గాల్లో ఉండగా ఆగిపోయాడు. నేను మీటలు నొక్కుతూనే ఉన్నాను.

"ఏమ్మా, ఆగిపోయావేం?" అన్నారు ఫోన్లో అత్తయ్యగారు. "నడువు. నేను చూస్తున్నాగా."