చెల్లెలి ఇంట్లో వెనక పొయ్యి

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఎప్పుడూ చిరాకే. మా ఇద్దరిలో పిరికిది చెల్లెలు లలిత. ఈ సంగతి అది చెప్పి ఉంటే నవ్వేసేదాన్ని. కానీ జరిగింది నా కళ్ళ ముందే.

అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నాన్న పోయాక అమ్మ ఇక్కడ కాలిఫోర్నియాలో మాతోనే ఉండేది. డబ్లిన్‌లో నా దగ్గర కొన్నాళ్ళు, పక్క ఊరు శాన్ రామన్‌లో లలిత దగ్గర కొన్నాళ్ళు అనుకున్నాం. అనుకోవడమే గానీ, నా దగ్గరికి వచ్చిన వారానికే బ్యాగు సర్దుకునేది. మా ఇంట్లో కరెంటు స్టవ్. "మంట కనపడని పొయ్యి మీద పాలు కాస్తే కాఫీ తాగినట్టే ఉండదే" అనేది. స్టవ్ ఒక సాకు. అమ్మకి మొదటి నుంచీ చిన్నదంటేనే ముద్దు.

చలికాలం మొదట్లో లలిత ఇంట్లో ఫర్నేస్ సర్వీసింగ్ పెట్టుకుంది. ఇల్లంతా వెచ్చగా ఉంచే గ్యాస్ యంత్రం అది. తనకి ఆఫీస్‌లో మీటింగ్ ఉందని, ఇంటి దగ్గర నన్ను ఉండమంది. మధ్యాహ్నం వెళ్ళాను. ఇంట్లో నేనూ, డేనియల్ అనే టెక్నీషియనూ తప్ప ఎవరూ లేరు.

గరాజ్‌లో అతను బర్నర్లు శుభ్రం చేసి, చివర్లో గ్యాస్ ప్రెషర్ చూడటానికి ఒక చిన్న మీటర్ తగిలించాడు. వాటర్ హీటర్ కట్టేసి ఫర్నేస్ వెలిగించాడు. మీటర్‌లో అంకె ఒకచోట నిలబడింది. కాసేపటికి కొంచెం కిందికి దిగింది.

"కిచెన్‌లో ఎవరైనా స్టవ్ వెలిగించారా?" అన్నాడు.

"ఇంట్లో ఎవరూ లేరు. నేనిక్కడే ఉన్నానుగా."

వంటింటికీ అదే పైపు వెళ్తుందనీ, ఇంకో మంట వెలిగితేనే అంకె అలా దిగుతుందనీ చెప్పాడు. వెళ్ళి చూశాం. స్టవ్ మీద మంట లేదు, అన్ని నాబ్‌లూ కట్టేసి ఉన్నాయి. లీకేజీ ఏమో అని ప్రతి అతుకు దగ్గరా సబ్బునీళ్ళు రాశాడు. ఒక్క బుడగ రాలేదు. ఫర్నేస్ ఆపి, బయట గ్యాస్ మీటర్ దగ్గర నిలబడి చూశాడు. ముల్లు కదల్లేదు, అంటే గ్యాస్ ఎక్కడా కారట్లేదు. మళ్ళీ ఫర్నేస్ వెలిగించాడు. అంకె నిలబడింది. మళ్ళీ దిగింది.

ఈసారి నేనే వంటింట్లోకి పరిగెత్తాను. మంట లేదు, గ్యాస్ వాసన లేదు. వెనక వైపు ఎడమ చేతి పొయ్యి చిన్నది. అమ్మ మధ్యాహ్నం కాఫీకి పాలు కాచుకునేది దాని మీదే. దాని ఇనుప స్టాండ్ మీద చెయ్యి పెట్టాను. చుర్రుమంది. మిగతావన్నీ చల్లగా ఉన్నాయి. నా వెనకే వచ్చిన డేనియల్ కూడా ముట్టుకుని చటుక్కున చెయ్యి తీసేశాడు.

నాకు భయం వెయ్యాలి. వెయ్యలేదు. కడుపు మండింది. పోయాక కూడా దీని ఇంటికేనా వచ్చావు, అనుకున్నాను.

లలితకి ఫోన్ చేసి చెప్పాను.

"రోజూ ఇంచుమించు ఇదే టైమ్‌కక్కా" అంది. "ఫస్ట్‌లో నాకూ భయమేసింది. ఇప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న రోజు నేను కూడా కాఫీ కలుపుకుని అక్కడే కూర్చుంటున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు ఫీలవుతావని."

అమ్మ రావడం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. ఇన్నాళ్ళూ అది నా మీద జాలిపడుతోందన్నమాట.

ఆ తర్వాత మా వంటింటికి గ్యాస్ లైన్ వేయించి కొత్త స్టవ్ కొన్నాను. కరెంటు స్టవ్ మీద పుల్కాలు పొంగట్లేదని మా ఆయనతో అన్నాను. మా ఫర్నేస్ సర్వీసింగ్‌కి కావాలనే డేనియల్‌నే పిలిచాను, కావాలనే మధ్యాహ్నం రమ్మన్నాను.

అతను మీటర్ తగిలించాడు. అంకె నిలబడింది. నేను దాని మీంచి చూపు తిప్పలేదు.

"చాలా బాగుంది. అస్సలు కదలట్లేదు" అన్నాడు సంతోషంగా.

"ఇంకాసేపు చూడండి" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. తీయబోతున్న మీటర్‌ని అలాగే వదిలేసి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. ఇద్దరం చాలాసేపు చూశాం. అది కదల్లేదు.

లలిత ఇంట్లో ఆ ఇనుము ఎలా వేడెక్కిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లో ఎందుకు వేడెక్కదో అసలే తెలియదు.