రేచుకుక్కలకు ఎదురుపడ్డ హుసేన్‌బీ

హుసేన్‌బీ గొంతు సంగతి తిమ్మాజిపేటలో ఎవరినడిగినా చెబుతారు. ఆమె మేకల్ని అదిలిస్తే రోడ్డున పోయే బస్సు ఆగి, కండక్టరు దిగి "ఎక్కుతవా అవ్వా?" అని అడిగేవాడట. ఆ గొంతుతోనే నలభై ఏళ్లు తోడేళ్లను తరిమింది. మైదానంలో తోడేలు ఒక్కటే వస్తుంది, మేకపిల్లను కరుచుకుంటుంది, అరుస్తూ వెంటపడితే వదిలి పోతుంది. ఆమెకు తెలిసిన విద్య అంతే.

ఆ ఎండాకాలం ఊళ్లో మేత లేక, మందను తోలుకుని అచ్చంపేట దాటి నల్లమల అంచుకు వచ్చింది. భర్త పోయాక ఆమె బతుకంతా ఆ ఇరవై మేకలే. వాటిలో బక్రీదుకని పెంచిన మేకపోతు నవాబు. ఆమె రొట్టెలో సగం వాడిదే, అదీ పెద్ద సగం.

మిట్టమధ్యాహ్నం వాగు దగ్గర ఎర్రటి కుక్క ఒకటి కనబడింది. హుసేన్‌బీ అలవాటుగా కర్రెత్తి, కేక పెట్టి వెంటపడింది. అది పారిపోలేదు. ఆగి ఆగి, వెనక్కి చూస్తూ ఆమెను దూరం తీసుకుపోయింది. అప్పుడు వెనక పొదల్లో సన్నగా ఈల. ఇంకో పక్క ఇంకో ఈల. తిరిగి చూసేసరికి అరడజను కుక్కలు మందను చీల్చి రెండు పిల్లల్ని వాగులోకి తరిమాయి. అక్కడ మరో నాలుగు ముందే కాచుకుని ఉన్నాయి.

తేనెకొచ్చిన చెంచు శివ కేకలు విని ఉరికొచ్చాడు. ఇద్దరూ కలిసి మిగతా మేకల్ని బండ మీదికి ఎక్కించారు.

"తోడేలనుకున్నవా అవ్వా? రేచుకుక్కలివి, గుంపుగ వేటాడే అడివి కుక్కలు. ఒకటి ఆట చూపిస్తది, తక్కినయి పని చేస్తయి."

"తిన్నయి గద బిడ్డా, ఇగ పోవా?"

"రెండు పిల్లలు పదకొండు నోళ్లకు ఏడ సాలుతయి? సూడు, బండ సుట్టూ కూసుంటున్నయి. గా కుంటి మేకను ఎరగ దించు, మనం మందతోని జారుకుందం."

"దాన్ని ఈడనే చీలుస్తయి, ఈడనే కూసుంటయి. మందను దించేదెట్ల?" హుసేన్‌బీ కళ్లు మందంతా వెతికి ఒక్కచోట ఆగాయి. "దూరం ఉరికేటోడు నవాబొక్కడే."

శివ కుంటి మేకను పక్కకు జరిపి నవాబుకు దారిచ్చాడు.

"ఖుదా పేరున పెంచిన వీన్ని, బిడ్డా. కుక్కలకిస్తున్న," అంది హుసేన్‌బీ.

వాగు వైపు వాడిని దించింది. వాడు దిగి, వెంటనే తిరిగొచ్చి ఆమె అరచేతిలో మూతి పెట్టాడు, రొట్టె ఉందేమోనని.

"పోరా! పో!"

ఎన్నడూ దెబ్బ వేయని చేయి రాయెత్తింది. మొదటిది తప్పింది. రెండోది మూతికి తగిలింది. నవాబు ఆమెను ఒక్కసారి చూసి, వాగు ఇసుక వెంట ఉరికాడు. ఈలలు లేచాయి. పొదల్లోంచి ఎర్రటి వీపులు ఒక్కొక్కటే వాడి వెంట కదిలాయి.

"ఇప్పుడే అవ్వా, నడు!"

మందను అవతలి వైపు దింపి, పెంట అని పిలిచే చెంచుల పల్లె దారి పట్టించారు. గుడిసెలు కనబడుతుండగా దూరంనుంచి నవాబు అరుపు వినబడింది. మేకలన్నీ ఆగి అటు తిరిగాయి. హుసేన్‌బీ తిరగలేదు. ముందున్న మేక వీపు మీద కర్రతో గట్టిగా కొట్టింది.