ఎడమవైపు మాసికలు

మా తాతయ్య గుర్రపుస్వారీ నేర్పే మాస్టారు. నేలమీద నడిచేటప్పుడు గుమ్మాలకీ బల్లలకీ తగులుతూ ఉంటాడు గానీ, జీను మీద తనంత తిన్నగా కూర్చునేవాడు ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. దాన్ని మేమెవరం కదిలించలేకపోయాం. కదిలించింది ఒక గుర్రం.

దాని పేరు చుక్క. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడగుర్రం. పిల్లగా ఉన్నప్పటి నుంచి తాతయ్యే సాకాడు. మైదానంలో ఎడమచేతి వైపు గుండ్రంగా తిప్పితే హాయిగా దౌడు తీసేది. కుడివైపు తిప్పితే మాత్రం మెడ పక్కకి విసిరి, కాసేపట్లోనే నడకలోకి దిగిపోయేది. స్వారీశాల యజమాని కొన్నాళ్ళు చూసి, నెలాఖరులోగా దారికి రాకపోతే బండి తోలేవాడికి అమ్మేస్తానన్నాడు. ఆ రోజు తాతయ్య కంచం ముందు కూర్చుని, గోడవైపు చూస్తూ తిన్నాడు. ఏం తిన్నావని అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఆయన దృష్టిలో లోపం చుక్క వెన్నుది. జీను ఎప్పుడూ ఎడమకే జారుతోంది కాబట్టి వెన్ను అటువైపు పల్లంగా ఉందని తేల్చేశాడు. ఎత్తు సరిచేయడానికి జీను కింద ఎడమవైపు ఒక తువ్వాలు మడతపెట్టాడు. అది చాలక ఇంకొకటి. ఇంట్లో తువ్వాళ్ళు ఎలా మాయమవుతున్నాయో తెలియక అమ్మమ్మ పక్కింటివాళ్ళ దండెం మీద కన్నేసి ఉంచింది.

తాతయ్య చిన్న కూతురు, అంటే మా పిన్ని, ఫిజియోథెరపిస్టు. పట్టేసిన మెడలూ నడుములూ ఆవిడ బల్ల మీద దారికొస్తాయి. తాతయ్య లెక్కలో అది పిసుకుడు ఉద్యోగం. నువ్వు స్వారీ చేస్తుంటే ఒకసారి చూస్తాను నాన్నా అని పిన్ని అడిగినప్పుడల్లా, నీ దగ్గరికి మూలిగేవాళ్ళు వస్తారు, నేను మూలగడం లేదుగా అని తప్పించుకునేవాడు.

ఒక మధ్యాహ్నం పిన్ని దండెం మీది బట్టలు తీస్తూ ఆగిపోయింది. తాతయ్య స్వారీ ప్యాంట్లు వరసగా ఆరుతున్నాయి. అన్నిటికీ కూర్చునే చోట మాసికలు. అన్నీ ఎడమవైపే. కుడివైపు గుడ్డ కొట్లోంచి తెచ్చినట్టే ఉంది.

"అమ్మా, ఎప్పటినుంచి వేస్తున్నావు ఈ మాసికలు?"

"మీ నాన్న గుర్రం మీంచి పడ్డ ఏడాది నుంచి," అంది అమ్మమ్మ. "ఒక పక్కకే కూర్చుంటారు మహానుభావుడు. సోఫా చూడు, అదీ అటే కుంగింది."

ఆ పడ్డప్పుడు తాతయ్య దుమ్ము దులుపుకుని, ఏమీ కాలేదని ఇంటిల్లిపాదికీ చెప్పాడు. పిన్ని ఆ ప్యాంట్లన్నీ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"వంకర చుక్కలో లేదు నాన్నా. నీలో ఉంది."

తాతయ్య మాసికల మీద వేళ్ళు ఆడించాడు. "మీ అమ్మ కుట్టు గట్టిది," అన్నాడు చివరికి.

"సరే, ఆ తువ్వాళ్ళు తీసి చుక్క వీపు తడిమి చూడు."

మర్నాడు తడిమాడు. మడతలు ఒత్తుకున్న చోట చెయ్యి పడగానే చుక్క ఒళ్ళు జలదరించింది. మెడ తిప్పి ఆయన్ని చూసింది. తాతయ్య ఇంటికొచ్చి, ఎవరూ చెప్పకుండానే పిన్ని బల్లెక్కి పడుకున్నాడు.

ఎడమ మోకాలు గుండెకి హత్తుకోమంది పిన్ని. హత్తుకోగానే కుడి తొడ బల్ల మీంచి దానంతటదే లేచింది. తుంటి కీలు పట్టేస్తే అంతేనట. నాకు చదువు అబ్బలేదు, ఎముకల పేర్లు అడగకండి. తేలిగ్గా చెప్పాలంటే కుడికాలు కిందికి సాగక తాతయ్య నడుము ఎడమకి ఒరిగిపోతోంది.

"కళ్ళెం కుడికి పొమ్మంటుంది, నీ బరువు ఎడమకి రమ్మంటుంది," అంది పిన్ని. "పాపం, అది ఎవరి మాట వినాలి?"

చుక్క వీపు మానేదాకా జీను వెయ్యలేదు. ఈలోగా తాతయ్య మంచం అంచున కాలు వేలాడేసి తుంటి సాగదీశాడు, ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకున్నాడు. పిన్ని తెచ్చిన పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని నడుము ముందుకీ వెనక్కీ ఊపాడు. మొదట్లో ఎడమకి దొర్లి పడిపోతుంటే అమ్మమ్మ వంటింట్లోంచే, "పడ్డ చప్పుడు ఎటువైపు?" అని అడిగేది.

నెలాఖరున యజమాని వచ్చి కంచె పక్కన నిలబడ్డాడు. తాతయ్య తువ్వాళ్ళు లేకుండా జీను కట్టి, పిన్నిని మైదానం మధ్యలో నిలబెట్టాడు. కుడివైపు మొదటి చుట్టులో చుక్క పాత అలవాటుగా నడకలోకి దిగింది. తాతయ్య భుజాలు బిగుసుకున్నాయి.

"ఊపిరి వదులు నాన్నా," అంది పిన్ని నెమ్మదిగా. "కుడి మోకాలు కిందికి జారనీ."

జారనిచ్చాడు. చుక్క చెవులు వెనక్కీ ముందుకీ ఆడాయి. మెడ కాస్త వంచి, దౌడందుకుని, చుట్టు పూర్తిచేసింది. ఆ తర్వాత ఇంకోటి. అంత అందంగా ఏం లేదు గానీ, ఆగలేదు.

"ఏం మందు వేశారు మాస్టారూ దీనికి?" అన్నాడు యజమాని.

"దానికి కాదండీ," అన్నాడు తాతయ్య దిగుతూ. "నాకు వేసింది, మా అమ్మాయి."

బండివాడికి వద్దని కబురు పంపుతానని యజమాని వెళ్ళిపోయాడు. తాతయ్య జీను విప్పి, ఒత్తుకున్న చోట చుక్క వీపు మళ్ళీ తడిమి చూశాడు.

ఇప్పుడు కొత్తగా నేర్చుకోవడానికి ఎవరొచ్చినా, ముందు మా అమ్మాయి బల్లెక్కి రండి, తర్వాత గుర్రమెక్కుదురు గాని అంటున్నాడు. తువ్వాళ్ళు ఇంటికి తిరిగొచ్చాయి, ఎంత ఉతికినా గుర్రం వాసన పోలేదు. మొన్న తాతయ్య ప్యాంటు కుడివైపు చిరిగింది. అది పట్టుకుని అమ్మమ్మ దగ్గరికి పరుగున వచ్చాడు. సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఆవిడ, సోఫా కూడా సమం చేసి పెట్టండి అంది.