చిలుకకు ప్రయాణ అనుమతి

మా అమ్మ ఆరేళ్లుగా పెంచుకుంటున్న ఆఫ్రికా చిలుకకు కాగితాలన్నీ ఉన్నాయి. అయినా పక్షిని ఆఫీసుకు తెచ్చి చూపించమని నోటీసు వచ్చింది. ఈ రోజు పంజరానికి తడిగుడ్డ చుట్టి, రాయచూరు ఎండలో ఆటోలో తీసుకెళ్లాను.

విదేశీ పెంపుడు జంతువుల లెక్క చూసే సారు కాగితాలన్నీ తిరగేశాడు. ఒక్క తప్పూ దొరక్కపోయేసరికి పాపం ముఖం చిన్నబోయింది. కాసేపు ఆలోచించి అడిగాడు.

"ఇంటికాడికెంచి ఇక్కడిదాంక తెచ్చిన్రు గద, రవాణా పర్మిషన్ ఏది?"

"తెమ్మని మీరే నోటీసిచ్చిన్రు గద సార్."

"తెమ్మన్నం. పర్మిషన్ లేకుండ తెమ్మన్నమా?"

"సరే, వాపసు తీస్కపోత."

"దానికి గూడ పర్మిషన్ కావాలె. అప్పటిదాంక ఇక్కడనే ఉంటది."

ఉత్త చేతులతో ఇంటికొస్తే, అమ్మ జొన్నరొట్టె డబ్బాలో పెట్టి, "మెత్తగ చేసి పెట్టమను" అని మళ్లీ పంపింది. రొట్టెకు పర్మిషన్ అడగలేదు, వాళ్ల దయ.

ఆ పర్మిషన్ ఎవరిస్తారో తెలిసినవాళ్లు కాస్త తొందరగా చెప్పండి. మా చిలుక ఏ మాటైనా రెండు రోజుల్లో పట్టేస్తుంది. ఇంకో వారం అక్కడుంటే, నేను వెళ్లినప్పుడు నాతోనే "సార్ లేరు, రేపు రండి" అంటుంది.