ఎర్ర పెన్నుతో దిద్దిన వాంగ్మూలం

మా చిన్నాన్న కోర్టులో టైపిస్టు. అక్కడొక పద్ధతి ఉండేది: ప్రశ్నలు టైపు చెయ్యరు, జవాబులే చేస్తారు. లాయరు పది ప్రశ్నలతో సాక్షిని మూలకు నెట్టినా, కాగితం మీద మాత్రం సాక్షి తనంతట తానే నడిచివెళ్లినట్టుంటుంది.

"లైన్ ఆఫ్ క్వశ్చనింగ్‌కి అబ్జెక్షన్ అంటారే, ఏంటది చిన్నాన్నా?" అని ఒకసారి అడిగాను.

"ఒక్క ప్రశ్న కాదే అది, వరస. విడివిడిగా చూస్తే ప్రతి ప్రశ్నా ఆవులా సాధువే. మంద ఎవరి చేలో పడబోతోందో చూసి ఆపమంటారు."

ఇంత తెలిసిన మనిషికి పిన్ని దగ్గర ఆ తెలివి పనిచేసేది కాదు. ఆమె అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. ఒక వాన సాయంత్రం బస్‌స్టాపులో ఎవరో ఇచ్చిన మగవాళ్ల గొడుగుతో ఇంటికొచ్చింది. చిన్నాన్న విచారణ మొదలుపెట్టాడు.

"బస్సు ఎన్నింటికొచ్చింది? పక్కన ఎవరున్నారు? గొడుగు ఎవరిది? నీకిస్తే ఆయనెలా వెళ్లాడు?"

వారమైనా ప్రశ్నలు తెమల్లేదు. "ఇంకొక్కటి అడిగారంటే మా అన్నయ్య ఇంటికి పోతాను" అంది పిన్ని.

ఆయన నోరు ఊరుకుంది గానీ వేళ్లు ఊరుకోలేదు. ఆమె జవాబులు మాత్రం టైపు చేసి బీరువాలో దాచుకున్నాడు. "బస్సు ఆలస్యముగా వచ్చినది. ఆయన నా పక్కన నిలబడినాడు. గొడుగు ఆయనదే. ఆయన తడుస్తూ వెళ్లినాడు." అలా చదివితే, ఎవరూ అడక్కుండానే ఆమె ఒప్పేసుకుంటున్నట్టుంది. రోజూ తీసి చదువుకుని కుమిలిపోయేవాడు.

బట్టలు సర్దుతుంటే ఆ కాగితం పిన్నికి దొరికింది. ఎర్ర పెన్ను తీసి, ప్రతి జవాబు పైనా ఆయన అడిగిన ప్రశ్న రాసింది. పెట్టె సర్దుకుని, చెప్పులేసుకుని, కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"పైకి చదవండి."

చదివాడు. నాలుగో ప్రశ్న దగ్గర కాగితం దించేశాడు.

"ఇదంతా ఒకటే ప్రశ్న" అన్నాడు మెల్లగా.

"అయితే ఆ ఒక్కటే అడగండి. జవాబు చెప్పి వెళ్తాను."

కాగితం మడిచాడు, మళ్లీ విప్పాడు. చివరికి "వెళ్లకు" అన్నాడు.

"అది ప్రశ్న కాదుగా" అని పిన్ని చెప్పులు విప్పింది. తర్వాతెప్పుడో ఈ సంగతంతా నాకు చెబుతూ, "ఆ కాగితంలో ఒక్క తప్పూ లేదే, టైపింగ్ మాత్రం ముత్యాలే" అని నవ్వింది.

అసూయ పోయిందనుకోను. ముసలితనంలో కూడా వాన మొదలైతే చాలు, "ఆ గొడుగు..." అనేవాడు.

"ఊఁ, గొడుగు?"

"తిరిగిచ్చేశావా అని..."

"అబ్జెక్షన్!" అనేది పిన్ని వంటింట్లోంచి.

ఆయన లేచి వెళ్లి కిటికీ మూసేవాడు.